పన్నెండు పడవలకు ఎన్ని క్లాసులు?

ప్రశ్న: మా బీచ్ క్లబ్‌లో పన్నెండు కాటమరాన్లు (జంట అడుగుల తెరచాప పడవలు), ఏడు రకాలు. రేసులకు ఎన్ని క్లాసులు (పోటీ విభాగాలు) పెట్టాలి?
– ఒక పాఠకుడు, పెర్త్

జవాబు: మూడు చాలండీ. ఇద్దరమే ఉన్న క్లాసులో ఒకసారి పోటీపడ్డాను. మొదటి బోయా (మలుపు దగ్గర తేలే గుర్తు) చుట్టూ తిరిగి వెనక్కి చూస్తే నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు. అది రేసెలా అవుతుంది?

హోబీ 16 రకం కాటమరాన్‌కి విడిగా ఒక క్లాసు ఇవ్వండి. 5.04 మీటర్లు, ఇద్దరు మనుషులు. డాగర్‌బోర్డులు (నీళ్లలోకి దించే నిలువు పలకలు) లేవు, అరటిపండులా వంగిన అడుగు, అలల్లోంచి నేరుగా ఇసుక మీదికి ఎక్కించేయొచ్చు. పడవలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి గెలుపు నడిపేవాళ్ల చేతిలోనే.

ఒంటరిగా నడిపేవారికి రెండోది. 75 కిలోల ఎ-క్లాస్ అనే పడవ ఎంతో అందమైనది, కానీ ఖరీదెక్కువ. హోబీ 14 ఉన్నవాళ్లనూ అందులోనే కలుపుకోండి, టైమును రేటింగుతో (పడవ రకం వేగాన్ని బట్టి ఇచ్చే అంకెతో) సరిచేయండి.

మిగతా రకాలన్నీ ఓపెన్ అనే మూడో క్లాసులో, అదే రేటింగుతో.