వెనక డిస్క్ బ్రేకులా? పిస్టన్‌ని నొక్కితే పోదండీ, తిప్పాలి

కారు ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మీరే మార్చుకున్నారు, వెనకవి విప్పితే ప్యాడ్‌ని తోసే పిస్టన్ లోపలికి పోనంటోంది, కాలిపర్ (ప్యాడ్లని చక్రంతో తిరిగే డిస్క్‌కి నొక్కి పట్టే భాగం) పాడైందా అని కదా మీ ప్రశ్న. పాడై ఉండకపోవచ్చు. సరిగ్గా అక్కడే నేనూ ఒక ఆదివారం పొద్దంతా పోగొట్టుకున్నాను.

మాది పాత స్కోడా లారా. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే పని పెట్టుకున్నా. ముందు చక్రాలకు చేసినట్టే సి-క్లాంప్ (మర తిప్పి నొక్కే ఇనుప బిగింపు) వేసి బిగించాను. కదల్లేదు. ఇంకాస్త బిగిస్తే క్లాంపే వంగింది. వాచ్‌మన్ వచ్చి కాసేపు చూసి, "మెకానిక్‌ని పిలవమంటారా సార్" అన్నాడు.

సంగతేంటంటే, ఈ రకం కాలిపర్‌లో హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కూడా ఆ పిస్టన్‌నే తోస్తుంది. లోపల మర ఉంటుంది. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ఆ మర మీద ముందుకు జరిగి సర్దుకుంటుంది. అందుకే వట్టిగా నొక్కితే వెనక్కి రాదు, నొక్కుతూ తిప్పాలి. లారాకి రెండు వైపులా గడియారం ముల్లు తిరిగే దిక్కే. కొన్ని బళ్లలో ఒక వైపు రివర్స్ ఉంటుంది కాబట్టి మీ బండి మాన్యువల్ చూసుకోండి. పిస్టన్ తిప్పే కిట్ రాణీగంజ్‌లో దొరికింది, ఆ తర్వాత ఒక్కో పక్కా పది నిమిషాలు కూడా పట్టలేదు. తిప్పేటప్పుడు పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు (బూటు) మెలిపడుతుందేమో గమనిస్తూ ఉండండి. మెలిపడితే ఆపి సర్దాలి, చిరిగితే లోపలికి నీళ్లు, దుమ్ము పోతాయి.

మీది బటన్ నొక్కే ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ అయితే ఇదంతా పక్కన పెట్టేయండి. ముందు కారు కంప్యూటర్‌కి తగిలించే స్కానర్‌తోనో, మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలోనో హ్యాండ్‌బ్రేక్‌ని సర్వీస్ మోడ్‌లో (రిపేరు కోసం పట్టు వదిలేసే స్థితిలో) పెట్టాలి. బలవంతం చేస్తే ఆ హ్యాండ్‌బ్రేక్‌ని నడిపే మోటారు పోవచ్చు.

కేబుల్ రకానికి హ్యాండ్‌బ్రేక్ దించే పని చేయాలి, అంటే బండిని పట్టుకునేది ఏదీ ఉండదు. ముందు చక్రాలకు అటూ ఇటూ గట్టి అడ్డు పెట్టి, ఫస్ట్ గేర్‌లో ఉంచండి. జాక్ మీదే వదిలేసి పని చేయకండి, స్టాండ్ వేయాల్సిందే. విప్పిన కాలిపర్‌ని బ్రేక్ ఆయిల్ గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టండి. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి ఓ కన్ను వేస్తూ ఉండండి. పిస్టన్ వెనక్కి పోతే ఆయిల్ పైకొస్తుంది, పొర్లితే పెయింట్ తినేస్తుంది.

డిస్క్ కూడా మార్చాలా అంటే, అంచు మీదో మధ్యలోని హబ్ భాగం మీదో కనీస మందం అచ్చుకొట్టి ఉంటుంది, కొలిచి చూడండి. నాకు డిస్క్ కంటే దాన్ని పట్టుకునే ఆ చిన్న స్క్రూ ఎక్కువ ఏడిపించింది. తుప్పు పట్టి తల అరిగిపోయింది, చివరికి డ్రిల్ చేసి తీశాను. ముందే తుప్పు వదిలే స్ప్రే కొట్టి రాత్రంతా ఉంచితే ఆ తిప్పలు ఉండేవి కావేమో. కొత్త డిస్క్ మీద నూనె పూత ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో తుడిచాకే బిగించండి.

అంతా బిగించాక ఇంజన్ స్టార్ట్ చేసే ముందే పెడల్‌ని గట్టిపడేదాకా తొక్కండి. మొదటిసారి నేలదాకా పోతుంది, కంగారు పడకండి. ఆ పని మరిచి రివర్స్ చేస్తే మాత్రం సెల్లార్ పిల్లరే బ్రేకు.