సముద్రం దగ్గరి ఊళ్ళో ఆర్నెల్లు షెడ్డులో ఉండే కారు

ఆర్నెల్లు అమెరికాలో అమ్మాయి దగ్గరికి వెళ్తున్నామని, విశాఖలో ఇంటి కింద షెడ్డులో కారు ఉంటుందని రాశారు. గోడలు చెమ్మెక్కుతాయని, పక్కనే పిల్లల సైకిళ్ళు ఉంటాయని, ఏం జాగ్రత్తలు తీసుకోవాలని అడిగారు. మాదీ విశాఖేనండి. నాన్నగారి మారుతి 800ని ఏళ్ళ తరబడి ఇలాంటి షెడ్డులోనే కాపాడుకొస్తున్నాను. నేను చేసేవే చెబుతాను.

బరకం కప్పి, షట్టరు దించి, సందులన్నీ మూసేస్తే భద్రమని చాలామంది అనుకుంటారు. మన తీరంలో అంతకంటే చేటు లేదు. గచ్చులోంచి వచ్చే చెమ్మంతా బరకం కిందే చిక్కుకుంటుంది. రాత్రి చల్లబడ్డ కారు రేకుకి తెల్లవారాక వెచ్చటి తేమగాలి తగిలితే నీటి బొట్లు పడతాయి. గాల్లో తేమ 60 శాతం దాటితే ఇనుముకి తుప్పు జోరందుకుంటుంది, ఉప్పు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. అందుకని కింద ఒకటి, ఎదురు గోడకి పైన ఒకటి కంతలు ఉంచి, ఎలుకలు దూరకుండా ఇనుప జాలీ కొట్టించండి. గాలి అటూ ఇటూ ఆడితే సగం పని అయిపోయినట్టే. కవరు గుడ్డదే వాడండి. గచ్చు మీద కారుకంటే వెడల్పుగా మందపాటి పాలిథిన్ పట్టా పరిచి, దాని మీద నిలపండి.

వెళ్ళే ముందు కారు అడుగుభాగం కూడా మంచినీళ్ళతో కడిగించి, ఒక రౌండు తిప్పి ఆరబెట్టండి. చివరిసారి ఇంటికొచ్చేటప్పుడు ఏసీ ఆపేసి ఉత్త ఫ్యాను నడపండి, లోపల బూజు వాసన రాదు. సీట్ల కింద తేమ పీల్చే సిలికాజెల్ సంచులు పెట్టి అద్దాలు పూర్తిగా ఎక్కించండి. తేమ పీల్చి నీరయ్యే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు మాత్రం కార్లో వద్దు, అది ఒలికితే ఇనుముని తినేస్తుంది.

హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేయకండి. మా పక్కింటివాళ్ళ కారుకి బ్రేక్ షూ తుప్పుతో డ్రమ్ముకి అతుక్కుపోయి, మెకానిక్ సుత్తితో కొడితే గానీ చక్రం కదల్లేదు. మొదటి గేరులో పెట్టి, చక్రాలకి ముందూ వెనకా చెక్కముక్కలు అడ్డం పెడితే చాలు. టైర్లలో గాలి కాస్త ఎక్కువ కొట్టించండి.

వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయమని ఎవరికీ అప్పజెప్పొద్దు. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు పుడుతుంది. బండి బాగా వేడెక్కకపోతే అందులో కొంత సైలెన్సర్‌లోనే నిలిచి లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. నమ్మకమైనవాళ్ళుంటే పదిహేను రోజులకోసారి అరగంట రోడ్డు మీద నడపమనండి. లేదంటే బ్యాటరీ దిగిపోకుండా దాని నెగటివ్ వైరు తీసేసి వెళ్ళండి.

ఇక గీతల సంగతి. సైకిళ్ళ హ్యాండిల్ సరిగ్గా డోరు ఎత్తుకి వస్తుంది. వాటిని అవతలి గోడకి కొక్కేలు కొట్టి తగిలించండి. డోరు తగులుతుందని షెడ్డు స్తంభానికి స్పాంజి కట్టొద్దు, చెమ్మ పీలుస్తుంది; రబ్బరు షీటు చుట్టండి. కవరు మీదుగా తాడు కడితే గాలికి పెయింటు మీద ఒరుసుకుంటుంది, అంచులు కారు కిందికే కట్టండి. అన్నిటికంటే ఎక్కువ గీతలు పడేది దుమ్ము తుడిచేటప్పుడే. తాళాలు ఇచ్చేవారికి గట్టిగా చెప్పండి: పొడిగుడ్డ తగలనివ్వొద్దు, దుమ్ము ఎంత పేరుకున్నా మీరొచ్చి నీళ్ళు పోసి కడుక్కుంటారని.