జన్యువు తీసేస్తే ఫంగస్ ఏమవుతుంది?

ప్రశ్న: 2021లో బ్లాక్ ఫంగస్ పేరు వింటేనే వణికిపోయాం. ఇప్పుడు రోగాలు తెచ్చే ఫంగస్‌ల జన్యువులను శాస్త్రజ్ఞులే ప్రయోగశాలల్లో మారుస్తున్నారని చదివాను. ఇది కొరివితో తల గోక్కోవడం కాదా? దీనివల్ల వైద్యానికి ఒరిగేదేమిటి?
- డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఈ ప్రయోగాల్లో చాలా భాగం ఫంగస్‌కు కొత్త శక్తినిచ్చేవి కావు, ఉన్న జన్యువుల్లో ఒకదాన్ని తొలగించి, ఆ లోటుతో అది ఎలా బతుకుతుందో చూసేవి.

క్రిప్టోకాకస్ నియోఫార్మన్స్ అనే ఫంగస్ సంగతే తీసుకోండి. ఎయిడ్స్ వంటి కారణాలతో రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో ఇది మెదడు పొరల వాపు తెస్తుంది. రోగి వెన్నులోంచి తీసిన నీటి చుక్కకు ఇండియా ఇంక్ కలిపి మైక్రోస్కోపు కింద పెడితే, నల్లటి సిరా మధ్య ఒక్కో కణం చుట్టూ తెల్లని వలయం కనిపిస్తుంది. సిరా చొరబడలేని ఆ వలయమే దాని జిగురు తొడుగు. రోగం తెచ్చే శక్తి ఈ తొడుగుదేనా అన్న సందేహాన్ని 1994లో అమెరికా శాస్త్రజ్ఞులు చాంగ్, క్వాన్-చుంగ్ తీర్చారు. క్యాప్59 అనే జన్యువు లేని ఫంగస్‌కు తొడుగు ఏర్పడలేదు, ఎలుకలకు ప్రాణాపాయమూ కలగలేదు. ఆ జన్యువును చేర్చగానే తొడుగుతోపాటు రోగం తెచ్చే శక్తీ తిరిగొచ్చింది. తీసేయడం కన్నా ఇలా తిరిగి చేర్చి చూడటమే నా దృష్టిలో అసలైన రుజువు.

ఇంత శ్రమ ఎందుకంటే, బ్యాక్టీరియాతో పోలిస్తే ఫంగస్ కణం మన కణానికి చాలా దగ్గరి చుట్టం కనుక, దాన్ని చంపే మందు మనకూ హాని చేయవచ్చు. బ్లాక్ ఫంగస్‌కు వాడిన యాంఫోటెరిసిన్ మూత్రపిండాలను దెబ్బతీయడం తెలిసిందే. ఫంగస్‌కు అత్యవసరమై, మనలో లేని జన్యువు దొరికితే కొత్త మందుకు గురి దొరికినట్లే. టీకా ప్రయత్నాలూ ఈ దారిలోనే సాగుతున్నాయి: కణగోడలోని చైటోసాన్ అనే పదార్థం తయారీకి కావలసిన మూడు జన్యువులను తీసేసిన క్రిప్టోకాకస్‌ను వేడితో చంపి ఎలుకలకిస్తే, తర్వాత ఎక్కించిన అసలు ఫంగస్‌ను అవి తట్టుకున్నాయి. మనుషుల దాకా రావడానికి మాత్రం ఇంకా చాలా దూరముంది.

ప్రమాదం అసలే లేదనను. మార్పు జరిగిన కణాలను ఏరుకోవడానికి వాటికి ఏదో ఒక మందును తట్టుకునే జన్యువునూ చేరుస్తారు; ఆ మందు వేస్తే అవే బతుకుతాయి. అవి రోగులకిచ్చే మందుకు లొంగకుండా పోకూడదు కనుక, సాధారణంగా నూర్సియోత్రిసిన్ వంటి, రోగులకు వాడని మందును తట్టుకునే జన్యువును ఎంచుకుంటారు. మన దేశంలో ఇలాంటి పరిశోధనలు 1989 నాటి నిబంధనల కిందికి వస్తాయి; సంస్థలోని జీవభద్రతా సంఘం, దానిపైన జన్యుమార్పిడి సమీక్షా సంఘం వాటిని పరిశీలిస్తాయి.