ఆర్ద్ర కాపర్ సల్ఫేట్ తడిగా ఉంటుందా? మైలుతుత్తంలో మైల ఎక్కడుంది?

సందేహం: నేను హైస్కూల్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను. పుస్తకంలో నీలం స్ఫటికాల్ని ఆర్ద్ర కాపర్ సల్ఫేట్ అని, వాటిని వేడి చేస్తే మిగిలే తెల్ల పొడిని అనార్ద్ర కాపర్ సల్ఫేట్ అని రాశారు. "ఆర్ద్రం అంటే తడి కదా టీచర్, ఇవి పొడిగానే ఉన్నాయిగా" అని ఒక పిల్లాడు అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను. ఇంకోటి, దీన్ని మైలుతుత్తం అంటారు కదా, అందులో మైల అంటే మురికేనా?

సమాధానం: ముందు ఆ పిల్లాణ్ణి మెచ్చుకోండి మేడమ్, వాడు పట్టుకున్నది నిజమైన చిక్కే. ఆర్ద్రం అంటే తడిసినది, చెమ్మగా ఉన్నది. మన ఆరుద్ర నక్షత్రం పేరు కూడా ఆ మాటకి వికృతే. పైగా గాలిలో తేమ గురించి చెప్పేటప్పుడు సాపేక్ష ఆర్ద్రత అని మన సైన్సు పుస్తకాలే రాస్తాయి, అంటే ఒకచోట ఆర్ద్రత అంటే తేమ, ఇంకోచోట ఆర్ద్ర అంటే బొత్తిగా తేమ కానిది, మరి పిల్లలు తికమక పడకుండా ఎలా ఉంటారు?

కాపర్ సల్ఫేట్ స్ఫటికంలో ఉన్న నీళ్లు పైన అంటుకున్న తడి కాదు, దాని కట్టడంలోనే ఉన్నాయి. ఒక్కో కాపర్ సల్ఫేట్‌కి అయిదు నీటి అణువులు, అందులో నాలుగు రాగి చుట్టూ పట్టుకుని ఉంటాయి, అయిదోది సల్ఫేట్ వైపు హైడ్రోజన్ బంధాలతో ఆగి ఉంటుంది. 100 గ్రాముల స్ఫటికాలు తూచితే దాదాపు 36 గ్రాములు నీళ్లే, అయినా బయటికి చుక్క కనపడదు. దీనికి స్ఫటికజలం అన్న మాట చక్కగా కుదిరింది, ఆ మాట పెట్టినవాళ్లకి దణ్ణం పెట్టాలి.

క్లాసులో ఇది మాటలకంటే టెస్ట్ ట్యూబే బాగా చెప్తుంది. నాలుగు స్ఫటికాలు వేసి, మూతి కొంచెం కిందికి వంచి వేడి చేయండి (వంచకపోతే పైన చల్లబడ్డ నీళ్లు వెనక్కి జారి వేడి గాజు మీద పడి ట్యూబ్ పగులుతుంది). నీలం మెల్లగా పాలిపోతుంది, మూతి దగ్గర గాజు మీద సన్నటి నీటి బొట్లు పేరుకుంటాయి, అడుగున తెల్లటి పొడి మిగులుతుంది. మొత్తం నీళ్లు వదలాలంటే 200 డిగ్రీల సెల్సియస్ దాకా పోవాలి, మామూలు తడైతే అంత మొండిగా ఉండదు కదా. బాగా చల్లారాక ఆ పొడి మీద ఒక్క చుక్క నీళ్లు వేస్తే మళ్లీ నీలం, ట్యూబ్ కూడా వెచ్చబడుతుంది. ఏదైనా ద్రవంలో నీళ్లు ఉన్నాయా లేదా అని చూడ్డానికి ల్యాబుల్లో ఈ తెల్ల పొడిని వాడేది ఇందుకే.

ఇక మాట సంగతి. మన వ్యాకరణంలో యోగరూఢి అని ఒకటుంది, పంకజం అంటే బురదలో పుట్టింది అని అర్థమే గానీ బురదలో పుట్టిన ప్రతిదాన్నీ పంకజం అనం, తామరనే అంటాం. ఆర్ద్ర, అనార్ద్ర కూడా శాస్త్రంలో అలా రూఢి అయిపోయాయి కాబట్టి పరీక్షలో రాస్తే తప్పు కాదు, మార్కులు తీసెయ్యకండి. కానీ నన్నడిగితే సజల, నిర్జల అన్న జోడీయే మేలు. నీరు ఉంది, నీరు లేదు అని చెప్పి ఊరుకుంటాయి, తడి ఊసెత్తవు.

మైలుతుత్తంలో మురికేమీ లేదండీ, అందులో ఉన్నది నెమలి! తమిళంలో, మలయాళంలో నెమలిని మయిల్ అంటారు, ఆ మయిలే మన నోట్లో మైలు అయింది, అయిదు ఐదు అయినట్టు, పయిన పైన అయినట్టు. సంస్కృతంలో కూడా ఇది మయూరతుత్థం, అమరకోశం అనే సంస్కృత నిఘంటువులో తుత్థాంజనానికి (అంటే ఈ మైలుతుత్తానికే) శిఖిగ్రీవం అని ఇంకో పేరు, అంటే నెమలి మెడ. ఒక పెద్ద స్ఫటికాన్ని వెలుతురులో పెట్టి చూడండి, ఈ పేరు పెట్టినవాడి కన్ను ఎంత గొప్పదో తెలుస్తుంది. తుత్థంలో ఒత్తు పోయి తుత్తం అయింది. మైల తుత్తం అని రాస్తే నెమలి ఎగిరిపోతుంది, అలా రాయొద్దు.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. నీలందాన్ని తుత్తం అంటున్నాం కదా అని నీళ్లు పోయిన తెల్ల పొడిని తెల్లతుత్తం అనకండి, పాలతుత్తం అని జింక్ సల్ఫేట్‌కి పేరు ఎప్పటినుంచో ఉంది, రెండూ కలిసిపోతాయి. తుత్తునాగం అంటే కూడా జింకే, అది లోహం.

తుత్థాంజనం అన్న పేరులో అంజనం, అంటే కాటుక, ఉంది కాబట్టి కంటికి మంచిదేమో అని ఎవరైనా అనుకుంటారని నాకు నిజంగా భయం. కాపర్ సల్ఫేట్ కంట్లో పడితే తీవ్రమైన దెబ్బ తగులుతుంది, వెంటనే చాలాసేపు నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిందే. మింగితే వాంతులు, పేగుల్లో పుండ్లు, ఎర్రరక్తకణాలు పగిలిపోవడం, లివర్, కిడ్నీలు పాడవడం, ప్రాణం కూడా పోవచ్చు. ఒకప్పుడు వాంతి చేయించడానికి మందుగా ఇచ్చేవాళ్లు, ఇప్పుడు ఆ పని ఎవరూ చేయకూడదు. చేపలకీ నీటి జీవులకీ మరీ విషం, కాబట్టి ప్రయోగం అయ్యాక మిగిలిన నీలం ద్రావణాన్ని సింకులో పారబోయకుండా వేరే సీసాలో పట్టి పెట్టండి. మీ ల్యాబ్ సీసా మీద ఒక్క ఫార్ములాయే ఉంటే దాని కింద మైలుతుత్తం, విషం అని తెలుగులో పెద్దక్షరాలతో రాసి అంటించండి, మైలు అని, మైల అని కాదు.