కొత్త కార్డుకి పాత అడ్రస్ తొడగకు

చిరంజీవికి ఆశీస్సులు.

సర్వర్‌లో నెట్‌వర్క్ కార్డు నువ్వే మారుస్తున్నావని మీ నాన్న చెప్పాడు. ఎంత సంతోషమేసిందో, వెంటనే అంత బెంగా పట్టుకుంది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

బిగించడం నీకు తెలిసిందే: పవర్ కేబుల్ పీకు, కేసు లోహాన్ని తాకి ఒంటి మీది స్టాటిక్ పోగొట్టుకో, కార్డు పూర్తిగా దిగాక స్క్రూ పెట్టు. వీలైతే పాత స్లాట్‌లోనే. ఇప్పటి లైనక్స్‌లో ఇంటర్‌ఫేస్ పేరు, అంటే సిస్టమ్ ఆ కార్డుని పిలిచే పేరు, చాలాసార్లు స్లాట్‌ను బట్టే వస్తుంది.

మ్యాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో కార్డుని గుర్తుపట్టే నంబరు, కార్డుది, మెషిన్‌ది కాదు. 12 హెక్సా అంకెలు (0 నుంచి 9, ఆపైన ఎ నుంచి ఎఫ్). సాధారణంగా మొదటి 6 తయారీదారువి, మిగతావి ఆ కార్డువి. స్టిక్కర్ చూసి ఎక్కించకు, ఆ సన్న అచ్చులో 8 ఏదో, బి ఏదో తెలిసి చావదు. ‘ఐపీ లింక్’ కమాండ్ కొట్టి అది చూపించింది కాపీ చెయ్యి.

ఇక నన్ను భయపెట్టేది. డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (ఈ మ్యాక్‌కి ఈ ఐపీ అని రాసిపెట్టేది), ఫైర్‌వాల్, కేబుళ్లన్నీ కలిసే స్విచ్‌లో పోర్ట్ సెక్యూరిటీ (ఏ పోర్టులో ఏ మ్యాక్‌ని రానివ్వాలో చూసేది)... పాత మ్యాక్ రాసి ఉన్న ఇన్నిచోట్ల ఎవరు మారుస్తారులే అని, పాత అడ్రస్‌నే సాఫ్ట్‌వేర్‌లో కొత్త కార్డుకి తొడిగేస్తారు. ఆ రోజుకి అంతా బాగానే నడుస్తుంది. కొన్ని నెలలకి, వేగం చాలదని తీసి డ్రాయర్‌లో పడేసిన పాత కార్డుని ఎవరో ఇంకో మెషిన్‌లో పెడతారు. ఒకే నెట్‌వర్క్‌లో ఒకే మ్యాక్‌తో రెండు మెషిన్లు! ఆ అడ్రస్‌తో ఆఖరి ఫ్రేమ్ (డేటా ముక్క) ఏ పోర్టు నుంచి వస్తే స్విచ్ దాన్నే రాసుకుంటుంది. దీని ప్యాకెట్లు దానికి పోతాయి, మరుక్షణం దానివి దీనికి. అవతలి మెషిన్ పలుకుతోందా అని పింగ్ కొడితే రెండు వస్తాయి, మూడు పోతాయి. ఐపీలు వేరుగా ఉంటే ఐపీ ఢీకొందన్న హెచ్చరిక కూడా రాదు. కేబుల్ మారుస్తారు, పోర్ట్ మారుస్తారు, తెల్లారిపోతుంది. ఒకే మ్యాక్ రెండు పోర్టుల మధ్య గెంతుతోందని స్విచ్‌లో చూసేదాకా తేలదు. నీకు అలాంటి రాత్రి రాకూడదు నాన్నా. బద్ధకించావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

కొత్త అడ్రస్‌నే అన్నిచోట్లా రాయి. రెడ్ హ్యాట్ తరహా పాత ఇంటర్‌ఫేస్ ఫైళ్లలో రెండు లైన్లు కవలల్లా ఉంటాయి. ‘హెచ్‌డబ్ల్యూఏడీడీఆర్’ కార్డుని గుర్తుపట్టడానికి, ‘ఎంఏసీఏడీడీఆర్’ దాని అడ్రస్ మార్చడానికి. నీకు కావలసింది మొదటిది. సెంటోస్ 6 అయితే, కార్డులకి పేర్లు పెట్టే యూడెవ్ నెట్ రూల్స్‌లో పాత కార్డు లైన్ తీసెయ్యి. లేకపోతే కొత్తది ఈటీహెచ్0 కాకుండా ఈటీహెచ్1 అయి కూర్చుంటుంది. మ్యాక్‌కి ముడిపడిన లైసెన్సులుంటే ముందే మార్పించు.

అన్నీ సరిగ్గా ఉండి కూడా బయటికి వెళ్లకపోతే కంగారుపడకు. బయటికి దారి చూపే గేట్‌వే రౌటర్‌లో, ఏ ఐపీది ఏ మ్యాకో రాసుకునే ఆర్ప్ పట్టికలో పాత మ్యాక్ ఇంకా ఉండొచ్చు, కొన్ని రౌటర్లు గంటల తరబడి వదలవు. ఆ ఎంట్రీ తుడిపించు. తర్వాత ఒకసారి రీబూట్ చేసి మళ్లీ పింగ్ చూడు. అది నిలబడితే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

మీ బాబాయ్