బస్తీలో పోషకాహారం గురించి చెప్పాలంటే ముందు ఏం అడగాలి?

మీరు అడిగింది ఇది: సికింద్రాబాద్ వైపు ఒక బస్తీలో ఇళ్ళలో పనికి వెళ్ళే ఆడవాళ్ళకు పోషకాహారం మీద తరగతులు పెట్టాలనుకుంటున్నారు, చార్టులు కూడా సిద్ధం చేసుకున్నారు, వాళ్ళకు అవగాహన తక్కువ కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

అడ్డగుట్టలో ఐదేళ్ళు ఈ పని చేశాను. అవగాహన తక్కువ అన్న ఆ మాటను దయచేసి ముందే పక్కన పెట్టండి. నేనూ అదే అనుకుని వెళ్ళాను. మొదటిరోజు నా చార్టులో ఆపిల్, బాదం, బ్రకోలీ ఉన్నాయి. ముందు వరసలో ఒకామె చాలాసేపు దాన్నే చూసి, "అక్కా, గా పచ్చది ఏం కూర? ఎట్ల వండుతరు?" అని అడిగింది. చెప్పాను. ధర అడిగింది, అదీ చెప్పాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. ఆ రోజు వచ్చిన పద్దెనిమిది మందిలో మరుసటి వారం వచ్చింది ఐదుగురు.

మూడోవారం చార్టు తీసుకెళ్ళలేదు. చాప మీద కూర్చుని ఒకే ప్రశ్న అడిగాను: "నిన్న పొద్దుగాల లేచిన కాడినుంచి పండుకునేదాంక మీ ఇంట్ల ఎవరెవరు ఏం తిన్నరు?" ఒకామె గడగడా చెప్పింది. భర్తకు టిఫిన్‌లో అన్నం, కోడిగుడ్డు పొరటు. పిల్లలు బడిలో మధ్యాహ్న భోజనం తిన్నారు. అత్తకు షుగరుంది, ఆమెకు రెండు రొట్టెలు. "మరి నువ్వు?" అన్నాను. "నాదేముందక్కా, ఏది మిగిల్తే అది." వదలకుండా అడిగితే లెక్క తేలింది. ఐదింటికి చాయ్. పనిచేసే ఇంట్లో పదింటికి మళ్ళీ చాయ్, రెండు బిస్కెట్లు. మూడింటికి ఇల్లు చేరాక అన్నం, పచ్చడి, గిన్నె అడుగున మిగిలిన చారు. పక్కనున్న వాళ్ళు, "మాదీ గంతే" అన్నారు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి, ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు పిల్లలలో 70 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఈ అంకెలు నేను ముందే చదివాను. అవి ఎక్కడి నుంచి వస్తాయో మాత్రం ఆ చాప మీదే అర్థమైంది. ఇంట్లో అందరికీ ఏది మంచిదో ఆమెకు తెలుసు, పెడుతోంది కూడా. తన దగ్గరికి వచ్చేసరికి గిన్నె ఖాళీ. ఆమెకు గుడ్డు గొప్పదనం గురించి నేనేం చెప్పను?

అందుకే మేం మొదట పట్టుకున్నది వంట కాదు, వడ్డన. వండగానే, ఇంకెవరికీ పెట్టకముందే, తన వాటా ఒక చిన్న డబ్బాలో తీసి పక్కన పెట్టుకోవాలి. పప్పయితే అడుగు నుంచి గరిటెడు. ఆదివారం కోడికూర అయితే మెడ, రెక్కలు కాకుండా మంచి ముక్కలు రెండు. చెప్పడానికి తేలికే, చేయడం చాలా కష్టం. "ముందే తీసుకుంటే మా అత్త ఏమంటదో" అన్నారు. కాబట్టి అత్తలనూ పిలిచాం. కోడళ్ళకు విడిగా పెట్టిన తరగతులేవీ నిలవలేదు. అత్త కూర్చున్నచోట మాటకు బలం వచ్చింది.

చిన్నపిల్లల తిండి విషయంలో కూడా ఇదే చూశాను. ఒకమ్మాయి ఎనిమిది నెలల బాబుకు స్టీలు గ్లాసులో పప్పు మీద తేరిన నీళ్ళు పట్టేది. పప్పులోని బలమంతా ఆ నీళ్ళలోకి దిగుతుందని వాళ్ళ అత్త నమ్మకం, గట్టిగా పెడితే అరగదని భయం. నేను వాదించలేదు. ఆ నీళ్ళు చెంచాతో తీసి పక్కకు వంచాను, మొత్తం కారిపోయింది. అదే గిన్నె అడుగున ఉన్న పప్పు, అన్నం మెత్తగా మెదిపి, చుక్క నూనె వేసి, చెంచాతో తీసి వంచితే నిలిచింది. "బిడ్డ కడుపు గుప్పెడంత ఉంటది పెద్దమ్మా, నీళ్ళతోటి నింపితే బువ్వకు జాగ యాడుంటది?" అన్నాను. పూటకు మూడు చెంచాలు, మూడు రోజులు నువ్వే నీ చేత్తో పెట్టి చూడమన్నాను. నాలుగోరోజు గల్లీలో ఇంకో బాలింతకు ఆమే చెంచా వంచి చూపిస్తోంది. తొమ్మిది నెలలు వచ్చేసరికి పావులీటరు గిన్నెలో సగం, రోజుకు మూడు నాలుగు సార్లు, తల్లిపాలు మానకుండా. ఈ కొలత నోటితో చెప్తే గుర్తుండదు, వాళ్ళింటి గిన్నెలోనే పోసి చూపించండి.

చాయ్ మానమని ఎవరికీ చెప్పకండి. ఆ చాయ్‌తోనే వాళ్ళు మూడిళ్ళ అంట్లు తోముతారు. అన్నం తిన్న వెంటనే తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు కాబట్టి గంట ఆగి తాగమని చెప్తే చాలు. తోటకూర పప్పులో దించాక నిమ్మకాయ పిండితే ఇనుము బాగా పడుతుంది. ఐరన్ గోళీలు వేసుకుంటే మలం నల్లగా వస్తుందని ముందే చెప్పండి. అది తెలియక భయపడి గోళీలు చూరులో దోపేసిన గర్భిణులను చూశాను.

ఇక చిప్స్ ప్యాకెట్ల సంగతి. తల్లులను తిట్టే ముందు పొద్దున ఆరింటికి ఆ గల్లీకి ఒకసారి వెళ్ళండి. తల్లి పనికి కదులుతుంటే మూడేళ్ళ పిల్ల కొంగు పట్టుకుని ఏడుస్తుంది. పది రూపాయల ప్యాకెట్ చేతిలో పెడితే కొంగు వదులుతుంది. అది తిండి కోసం కొన్నది కాదు. మేం దాని బదులు పల్లీ పట్టీ, రాత్రి నానబెట్టి కుక్కర్లో రెండు మూడు కూతలు రానిచ్చి తాలింపు వేసిన శనగ గుడాలు, బొబ్బెర గుడాలు అలవాటు చేశాం. సగం ఇళ్ళలో కుదిరింది. మిగతా ఇళ్ళలో ఇప్పటికీ ప్యాకెట్టే. చిన్న సిలిండర్ కిలోల లెక్కన నింపించుకునే ఇంట్లో ప్రతి కూతకూ లెక్క ఉంటుంది.

జొన్నరొట్టె, రాగిజావ గురించి మీ చార్టులో ఉండే ఉంటుంది. పాలమూరు నుంచి వచ్చినవాళ్ళకు రొట్టె చేయడం మనం నేర్పక్కర్లేదు, మనకే నేర్పుతారు. కానీ 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తుంటే, జొన్నపిండి డబ్బు పెట్టి కొనాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదని చెప్పింది. ఉచితంగా వచ్చేది బియ్యమైనప్పుడు కంచం బియ్యంతోనే నిండుతుంది. ఆ బియ్యం పక్కకు ఏం చేర్చగలమో చూడండి: పెసరపప్పు, ఆకుకూర, వారానికి నాలుగు గుడ్లు. గర్భిణులకు, బాలింతలకు అంగన్వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద గుడ్డు, పాలతో పూట భోజనం ఉంది. పనికి పోయేవాళ్ళకు మధ్యాహ్నం అక్కడికి వెళ్ళడం కుదరదు, అందుకని ఎవరికి ఏ రోజు సెలవో రాసుకుని టీచరమ్మతో మాట్లాడండి.

ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. ఒకరోజు పిల్లల జబ్బ చుట్టుకొలత రంగుల టేపుతో చూస్తూ, ఒక పాపకు 11.5 సెంటీమీటర్ల లోపు, ఎరుపులో వస్తే, కంగారులో అందరి ముందూ పైకి అనేశాను. ఎరుపంటే తీవ్ర లోపం, వెంటనే ఆసుపత్రికి పంపాలి. నా కంగారు ఆ తల్లికి నిందలా వినిపించింది. పాపను ఎత్తుకుని వెళ్ళిపోయి రెండు నెలలు మా వైపు చూడలేదు. ఆశా అక్క నాలుగుసార్లు ఇంటికి తిరిగి ఒప్పిస్తే గానీ ఆసుపత్రికి వెళ్ళలేదు. ఆ రెండు నెలలు ఆ పాప వయసుకు చాలా పెద్దవి. కొలతలు లోపల తీయండి, తల్లికి ఒక్కదానికే చెప్పండి, ఆరోజే వెంట వెళ్ళండి.

మొదటిరోజుకు చార్టులు వద్దు. ఒక కుక్కర్, అరకిలో పెసరపప్పు, రెండు తోటకూర కట్టలు, నాలుగు నిమ్మకాయలు తీసుకెళ్ళండి. వాళ్ళతోనే వండించి, అక్కడే కూర్చుని అందరూ తినండి. మూడింటికల్లా మొదలుపెట్టండి. నల్లా వచ్చే రోజు ఏదో ముందే కనుక్కుని ఆ రోజు మాత్రం పెట్టుకోకండి, నీళ్ళ దగ్గర నుంచి ఎవరూ రాలేరు.