పెట్రోలా, కరెంటా అనే ముందు తరుగుదల లెక్క వేయండి

ప్రశ్న: నాకు కార్లంటే ప్రాణం. 11 ఏళ్లుగా ఒకటే పెట్రోలు బండి నడుపుతున్నాను, మాన్యువల్ గేర్లు. 1,20,000 కిలోమీటర్లు తిరిగింది. లీటరుకు 12 ఇస్తుంది. నెలకు సుమారు 900 కిలోమీటర్లు తిరుగుతాను. క్లచ్, టైమింగ్ బెల్టు, సస్పెన్షన్ బుష్‌లు మార్చాలని మెకానిక్ చెప్పాడు. ఆ ఖర్చు నా నెల జీతంలో 60 శాతం. ఈలోగా ఓ డీలరు డౌన్ పేమెంట్ లేకుండా, 10 శాతం వడ్డీతో, ఏడేళ్ల వాయిదాల మీద కొత్త ఎలక్ట్రిక్ కారు (ఈవీ) ఇస్తానంటున్నాడు. కార్ల పిచ్చి ఉన్న నా మిత్రుల్లో ఒకరు 'మంచి పెట్రోలు ఇంజిన్లు ఇక రావు, ఇప్పుడే ఒకటి కొని దాచుకో' అంటారు. ఒకరు 'ఈవీ తీసుకో, పెట్రోలు ఖర్చు మిగులుతుంది' అంటారు. ఇంకొకరు 'హైడ్రోజన్ వచ్చేదాకా ఆగు' అంటారు. పొదుపు నాలుగు నెలల జీతం ఉంది. నెల ఖర్చు జీతంలో 65 శాతం. ఏం చేయమంటారు?

జవాబు: మీ అంకెలు బయటపెట్టొద్దన్నారు కాబట్టి మీ నెల జీతాన్ని 100 అనుకుందాం. లెక్కలన్నీ అందులోనే చెబుతాను. ఆ ప్రకారం డీలరు చూపించిన ఈవీ ధర 1,050. అదే తరహా కొత్త పెట్రోలు కారు 800. మీ బిల్లుల ప్రకారం లీటరు పెట్రోలు 0.1, ఇంట్లో యూనిట్ కరెంటు 0.01.

ముందుగా ఇంధనం. ఈవీ కొనమంటున్న మిత్రుడు చెప్పింది నిజమే. మామూలు సైజు ఈవీకి 100 కిలోమీటర్లకు 15 యూనిట్లు పడుతుంది. ఛార్జింగ్‌లో పోయేదీ కలిపితే 17 అనుకోండి. లీటరుకు 15 ఇచ్చే పెట్రోలు కారుకు అదే దూరానికి 6.7 లీటర్లు కావాలి. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. కానీ ఇంజిన్ అందులో నాలుగింట మూడొంతులు వేడిగా వదిలేస్తుంది. అందుకే ఒక చిన్న కొలత గుర్తుపెట్టుకుంటే చాలు. లీటరు పెట్రోలు ధర యూనిట్ కరెంటు ధరకు రెండున్నర రెట్లు దాటిందంటే, కిలోమీటరు లెక్కన కరెంటే చౌక. మీకు అది పది రెట్లు. ఇక అడగాల్సిన పని లేదు. అయితే ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునే వాళ్లకే ఈ లెక్క. ఇంటి రేటుకు మూడు నాలుగు రెట్లు వసూలు చేసే ఫాస్ట్ ఛార్జర్ల మీదే బండి నడపాల్సి వస్తే ఆ తేడా చాలావరకు ఆవిరైపోతుంది. మీకు రాత్రిపూట ప్లగ్ పెట్టుకోవడానికి సొంత పార్కింగ్ ఉందో లేదో రాయలేదు. అన్నిటికంటే ముందు అది తేల్చుకోండి.

మీ పాత బండి నెలకు 75 లీటర్లు తాగుతోంది, అంటే 7.5. అదే 900 కిలోమీటర్లకు ఈవీ 153 యూనిట్లు తీసుకుంటుంది, అంటే 1.5. నెలకు 6 మిగులుతుంది, ఏడాదికి 72. చిన్న మొత్తమేమీ కాదు.

ఇప్పుడు మీ మిత్రులెవరూ మాట్లాడని లెక్కకు వస్తాను. కొత్త కారు షోరూం గడప దాటిన ఏడాదిలోనే ఐదో వంతు విలువ కోల్పోవడం మామూలే. 1,050లో ఐదో వంతు 210. మీ పాత బండికి రెండేళ్లపాటు పోయించే పెట్రోలు మొత్తం 180. అంటే ఒక్క ఏడాది తరుగుదల రెండేళ్ల పెట్రోలును మింగేసి ఇంకా ఆకలిగానే ఉంటుంది. ఏ ఇంధనం మేలు అని మీరు గంటలకొద్దీ వాదించుకుంటున్నారు. మీ జేబుకు పెద్ద చిల్లు పడుతున్నది ఇంధనం దగ్గర కాదు, కొనడం దగ్గర.

దీనికి తోడు వాయిదాలు. 1,050 అప్పును 10 శాతం వడ్డీతో ఏడేళ్లకు తీసుకుంటే నెల వాయిదా 17.4. మొత్తం కట్టేది 1,464, అందులో వడ్డీయే 414. నాలుగు నెలల మీ జీతం వడ్డీకే పోతుంది. మూడేళ్లు కట్టాక కూడా ఇంకా 687 బాకీ ఉంటుంది. మొదటి ఏడాది 20 శాతం, తర్వాతి రెండేళ్లు 15 శాతం చొప్పున తరిగితే బండి విలువ అప్పటికి 607. అవసరం పడి అమ్ముదామన్నా, అమ్మగా వచ్చింది బ్యాంకుకిచ్చి ఇంకో 80 చేతి నుంచి వేయాలి. సున్నా డౌన్ పేమెంట్ అన్న మాట వినగానే నాకు గుర్తొచ్చేది ఈ 80యే. ఇంకో జాగ్రత్త. ఆ 10 శాతం తగ్గుతున్న బాకీ మీదా, లేక మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా లెక్కగట్టే ఫ్లాట్ రేటా అన్నది కాగితం మీద రాసిమ్మనండి. ఏడేళ్ల అప్పుకు 10 శాతం ఫ్లాట్ అంటే అసలు వడ్డీ 16 శాతం పైనే.

ఈవీల తరుగుదల అయితే ఈ అంచనాను దాటే అవకాశమూ ఉంది. 2010 నుంచి చూస్తే లిథియం బ్యాటరీ ప్యాక్‌ల ధర యూనిట్ లెక్కన 90 శాతం దాకా పడిపోయింది. కొత్తవి చౌకవుతుంటే పాతవాటి విలువ ఆగదు. 2023 జనవరిలో టెస్లా ధరలు తగ్గించినప్పుడు, నిన్నటిదాకా పూర్తి ధర పెట్టి కొన్నవాళ్ల బండ్ల రీసేల్ విలువ కూడా దానితోపాటే దిగింది. అద్దె కార్ల కంపెనీ హెర్ట్జ్ తన దగ్గరున్న సుమారు 20,000 ఈవీలను అమ్మేస్తున్నట్టు 2024 జనవరిలో ప్రకటించింది. కొత్తది కొనేవాళ్లకు ఇది చేదు వార్త. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు మాత్రం ఇందులో మంచి అవకాశం ఉంది. నా సలహా దాని మీదే ఆధారపడి ఉంది.

హైడ్రోజన్ కోసం ఆగమన్న మిత్రుడి మాట గౌరవంగానే పక్కన పెట్టండి. ఆ సాంకేతికత అందంగానే ఉంటుంది. టయోటా హైడ్రోజన్ కారు మిరాయ్ 2014 చివర్లోనే మార్కెట్లోకి వచ్చింది. ఐదు నిమిషాల్లో ట్యాంకు నిండుతుంది, పొగ గొట్టం నుంచి నీరే వస్తుంది. కానీ నీటిని విడగొట్టి ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. దాన్ని 700 బార్ ఒత్తిడితో, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు 700 రెట్లతో, ట్యాంకులోకి ఎక్కించాలి. ఇంతా చేస్తే ఆ కిలోతో బండి వెళ్లేది 100 కిలోమీటర్లు. అదే కరెంటును నేరుగా బ్యాటరీలో పోస్తే 300 కిలోమీటర్లు వెళుతుంది. ఇది భౌతికశాస్త్రం, పదేళ్లు ఆగినా మారదు. పైగా బంకుల మీద నమ్మకం లేదు. షెల్ కంపెనీ కాలిఫోర్నియాలో కార్ల కోసం నడిపిన హైడ్రోజన్ బంకులను 2024లో శాశ్వతంగా మూసేసింది. బంకు మూతపడితే ఆగిపోయే వస్తువు మీద మీ పొదుపు పెట్టమని నేను చెప్పలేను.

పెట్రోలు ఇంజిన్ దాచుకోమన్న మిత్రుడి బాధ మాత్రం నాకు బాగా తెలుసు. రెండో గేరులో ఇంజిన్ నిమిషానికి 4,000 చుట్లు దాటాక వచ్చే ఆ శబ్దం, గేరు పడినప్పుడు అరచేతికి తగిలే ఆ చిన్న 'టక్' ఏ మోటారూ ఇవ్వదు. దానికి విలువ కట్టొద్దని నేను అనను. కానీ ఆ ఆనందం మీ దగ్గర ఇప్పటికే ఉంది కదా! తరుగుదల దాదాపు అయిపోయిన, మీ చేతికి అలవాటైన బండి రూపంలో ఉంది. దాన్ని అమ్మేసి, అదే ఆనందం కోసం 800 పెట్టి ఇంకోటి కొనడం ఎందుకు? ఇంజిన్లు పూర్తిగా అంతరించిపోతాయన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. గాలి కరెంటుతో కృత్రిమ పెట్రోలు తయారుచేసే ప్లాంటు ఒకటి పోర్షే మద్దతుతో 2022 చివర్లో చిలీ దక్షిణ కొసన మొదలైంది. కరెంటు విపరీతంగా తినే పద్ధతి కాబట్టి రోజూ తిరిగే బండికి అది ఖరీదైన వ్యవహారమే. వారానికోసారి సరదాగా తీసే పాత బండికైతే పనికొస్తుంది.

ఇథనాల్ సంగతి కూడా అడుగుతారని తెలుసు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండొంతులే. అందుకే 20 శాతం కలిపిన పెట్రోలులో శక్తి సుమారు 7 శాతం, 85 శాతం కలిపినదాంట్లో పావు వంతు పైగా తగ్గుతుంది. బంకు దగ్గర ధర అంతకంటే ఎక్కువ తగ్గితేనే మీకు లాభం. దాని ఆక్టేన్ (ఇంజిన్‌లో ముందే అంటుకోకుండా నిలిచే గుణం) మాత్రం పెట్రోలు కంటే ఎక్కువ, అందుకే ట్యూనింగ్ చేసేవాళ్లు ఇష్టపడతారు. మీ 11 ఏళ్ల బండి ఎంత శాతం దాకా తట్టుకుంటుందో మాన్యువల్‌లోనో పెట్రోలు మూత లోపలో రాసి ఉంటుంది, ఒకసారి చూడండి. రబ్బరు గొట్టాలు, సీళ్లు దానికి పాడయ్యే ప్రమాదం ఉంది. సీఎన్‌జీ కిట్ మీకు వద్దు. 900 కిలోమీటర్లకు కిట్ ఖర్చు రాబట్టేసరికి ఏళ్లు గడుస్తాయి, డిక్కీ కూడా సిలిండర్ పాలవుతుంది.

డీజిల్ గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. లీటరులో పెట్రోలు కంటే శక్తి ఎక్కువ, టార్క్ (లాగే బలం) బ్రహ్మాండం అని నేనూ ఒకప్పుడు కొత్త డీజిల్ కారు కొన్నాను. ఇంటి నుంచి ఆఫీసుకు 6 కిలోమీటర్లు. ఇంజిన్ సరిగ్గా వేడెక్కక ముందే బండి ఆపేసేవాణ్ని. ఏడాదిన్నర తిరగకుండానే మీటరులో నారింజ రంగు లైటు వెలిగింది. పొగలోని మసిని పట్టే ఫిల్టరు పూడుకుపోయింది. ఆ మసి కాలాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద అరగంటైనా పరుగెత్తాలి. అమ్మిన షోరూంలో ఎవరూ ఆ మాట చెప్పలేదు, నా రోజువారీ దూరం ఎంతని కూడా అడగలేదు. రెండుసార్లు శుభ్రం చేయించి, మూడోసారి ఫిల్టరే మార్పించాను. మైలేజీలో మిగిలిందంతా అక్కడికే పోయింది. అప్పటి నుంచి ఎవరు బండి గురించి అడిగినా నా మొదటి ప్రశ్న ఒక్కటే: రోజుకు ఎంత దూరం, ఎలాంటి రోడ్డు మీద?

మీ విషయంలో నేను చెప్పేది ఇది. మరమ్మతు చేయించండి. 60 ఖర్చు. ఇంకో మూడేళ్లు ఈ బండితోనే తిరగండి. డీలరుకు కట్టాలనుకున్న 17ను ప్రతి నెలా జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి పంపండి. మొదటి నాలుగు నెలలది మరమ్మతుకు తీసిన పొదుపును తిరిగి నింపుతుంది. మీ 400 పొదుపు ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిగ్గా సరిపోతుంది. అది మీ ఇంటి రక్షణ, దాన్ని కారు వైపు కన్నెత్తి చూడనివ్వకండి. ఆ తర్వాత 36 నెలలు కడితే, 5 శాతం వడ్డీ వచ్చినా 650 దాటుతుంది. ఇప్పుడు మీకు 1,050కి ఇస్తానంటున్న కారు మూడేళ్లు తిరిగాక 607కు రావాలి కదా. అప్పు లేకుండా, వాయిదా లేకుండా చేతికొస్తుంది.

మూడేళ్లు పెట్రోలు దండగ కదా అంటారా? ఈవీతో పోలిస్తే 216 ఎక్కువ పోస్తారు. మరమ్మతు 60, దారిలో ఇంకేవో పనులకు 100 వేసుకున్నా మొత్తం 376. కొత్త ఈవీ అదే మూడేళ్లలో తరుగుదల కింద 443, వడ్డీ కింద 264 తీసుకుంటుంది, కలిపి 707. దాదాపు రెండింతలు.

పాత ఈవీ కొనేటప్పుడు ఓడోమీటరు కంటే బ్యాటరీ ఆరోగ్యం ముఖ్యం. ఎంత శాతం సామర్థ్యం మిగిలిందో చూపే రిపోర్టు అడగండి. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, 70 శాతం సామర్థ్యం దాకా హామీ ఇస్తాయి. మూడేళ్ల బండికి ఇంకా ఐదేళ్లు ఉంటుంది. అది రెండో యజమానికి బదిలీ అవుతుందో లేదో కాగితంలో చదవండి. బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేని బండి వద్దు. 2010లో వచ్చిన తొలి నిస్సాన్ లీఫ్‌లో ఆ ఏర్పాటు లేక, ఎండ ప్రాంతాల్లో సామర్థ్యం త్వరగా పడిపోయింది. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ దొరికితే దానికే నా ఓటు. రేంజి కాస్త తక్కువైనా ఎక్కువ ఛార్జింగులు తట్టుకుంటుంది. బీమా, టైర్ల ఖర్చు కూడా ముందే కనుక్కోండి. బరువు వల్ల ఈవీల టైర్లు త్వరగా అరుగుతాయి.

ఇంటి దగ్గర ఛార్జింగ్ కుదరదని తేలితే అప్పుడు మామూలు హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌కు తోడు చిన్న బ్యాటరీ, మోటారు ఉన్న కారు) చూడండి. ప్లగ్ ఉన్న హైబ్రిడ్ మాత్రం ప్లగ్ పెట్టే చోటు లేనివాళ్లకు డబ్బు దండగ.

ఒక్క పరిస్థితిలో నా సలహా మారుతుంది. ఉద్యోగం మారి నెలకు 2,500 కిలోమీటర్లు తిరగాల్సి వస్తే, ఇంధనంలో మిగిలేది 16 దాటుతుంది. డీలరు చెప్పిన ఏడేళ్ల వాయిదాను దాదాపు అదే కట్టేస్తుంది. అప్పుడు ఈవీ ఇప్పుడే తీసుకోవచ్చు, అయితే కనీసం 20 శాతం ముందు కట్టి, నాలుగేళ్లకు మించని అప్పుతో.

మరమ్మతులో క్లచ్, బుష్‌లు ఓ నెల ఆగినా ఆగుతాయి గానీ టైమింగ్ బెల్టును మాత్రం వాయిదా వేయకండి. అది నడుస్తుండగా తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులను గుద్దుతాయి. అప్పుడు మీరు ఇంత ప్రేమగా నడిపిన ఇంజిన్ పోతుంది, పైన వేసిన లెక్కంతా తారుమారవుతుంది. ఈ వారంలోనే బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. బెల్టుతోపాటు దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరు, వాటర్ పంపు కూడా ఒకేసారి మార్చమనండి, కూలీ రెండోసారి కట్టే పని ఉండదు.